బస్తర్‌లో కోర్సు ప్రాజెక్టు: ప్లాన్ ఎవరిది, రిపోర్టు ఎవరికి?

(కంప్యూటర్ సైన్స్ పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మీరు పంపిన ప్రపోజల్స్ అన్నీ చదివాను. గోండి మాటను అక్షరాల్లోకి మార్చేవి ఉన్నాయి, కోయ నుంచి తెలుగుకు అనువాదం చేసేవి ఉన్నాయి, ఫోన్లో చెప్పిన ఫిర్యాదును శాఖల వారీగా విడదీసేది ఒకటి ఉంది. అన్నీ బస్తర్ చుట్టూనే తిరుగుతున్నాయి. సంతోషం. కానీ దాదాపు ప్రతి ప్రపోజల్లోనూ ఒకే వాక్యం కనపడింది: ‘డేటా సేకరణ – రెండు వారాలు’. మోడల్ గురించి నాలుగు పేజీలు, డేటా గురించి ఒక్క లైను. మనుషులున్నది ఆ ఒక్క లైనులోనే. ఈ పూట నేను మాట్లాడేది కూడా దాని గురించే.

‘మూడు క్రెడిట్ల కోర్సు ప్రాజెక్టుకు ఇంత ఆలోచన ఎందుకు మేడమ్?’ అని మీలో ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం ఒకసారి కొలంబియా యూనివర్సిటీకి వెళ్లొద్దాం. 1916 మే 9న ఇరవై అయిదేళ్ల అంబేడ్కర్, గోల్డెన్‌వైజర్ అనే ఆంత్రోపాలజీ ప్రొఫెసర్ నడిపే సెమినార్లో ఒక పేపర్ చదివారు. అదే ‘కాస్ట్స్ ఇన్ ఇండియా’. మరుసటి ఏడాది మే నెలలో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో అచ్చయింది. ఇవాళ దాన్ని మనం మహా గ్రంథంలా చూస్తాం గానీ, అది పుట్టింది క్లాసు గదిలో. ఇంటికెళ్లాక దాన్ని ఒక కోర్సు రిపోర్టులా మళ్లీ చదవండి. కులానికి సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేట్కర్ ఇచ్చిన నిర్వచనాలను ముందు ఒక్కొక్కటిగా బయటికి తీసి, ఏది ఎక్కడ చాలదో చెప్తారు. లిటరేచర్ సర్వే అంటే అది. ఫలానావాళ్లు 2019లో ఇది చేశారు, ఫలానావాళ్లు 2021లో అది చేశారు అని మనం రాసే జాబితాకు ఆ పేరు పెట్టడం అన్యాయం. ఆ తర్వాత ఆయన ఒకే ఒక్క కీలకం పట్టుకుంటారు: కులం లోపలే పెళ్లి. ఆ కట్టుబాటు నిలబడాలంటే భర్త పోయిన స్త్రీని ఏం చేయాలి, భార్య పోయిన పురుషుణ్ణి ఏం చేయాలి అని లెక్క వేసుకుంటూ వెళ్తారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఆ లెక్కలోంచి ఎలా బయటికి వచ్చాయో చూపిస్తారు. తన వాదం తప్పని ఎవరైనా నిరూపిస్తే వదులుకోవడానికి సిద్ధమని కూడా చివర్లో చెప్తారు.

సమస్యను చేతికి అందేంత చిన్నదిగా కోసుకోవడం, ముందు పనిచేసినవాళ్లను నిజంగా చదవడం, తప్పని తేలడానికి దారి తెరిచి ఉంచడం. మన డిపార్ట్‌మెంట్లలో ‘ప్రాజెక్టు మెథడాలజీ’ పేరుతో చెప్పే పాఠంలో ఇంతకుమించి ఏమీ లేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. ఆ పేపర్ రాసిన మనిషి తాను రాస్తున్న సమస్యకు బయట నిలబడి లేరు. మీలో చాలామంది బస్తర్ విషయంలో బయటివాళ్లే. కొందరు కాదు. ఈ సంగతి మీ ప్లాన్లో మొదటి రోజు నుంచీ ఉండాలి.

మూడు క్రెడిట్ల మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. 2011 జనగణన ప్రకారం గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 29.8 లక్షలు. అదే జనగణనలో సంస్కృతం మాతృభాష అని చెప్పినవాళ్లు 24,821 మంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. సంస్కృతం అందులో ఉంది, గోండి లేదు. 2003లో సంతాలీ, బోడోలకు చోటు దొరికింది, గోండికి దొరకలేదు. దీనికీ కంప్యూటర్ సైన్సుకీ ఏం సంబంధం అంటారా? మన దేశంలో మాటల డేటాసెట్లు కట్టేటప్పుడు సాధారణంగా ఆ 22 భాషల జాబితా ముందు పెట్టుకునే మొదలుపెడతారు. ‘ఇండిక్‌వాయిసెస్’ లాంటి పెద్ద సేకరణ ఆ 22కే. షెడ్యూల్లో లేని భాష డేటాలో ఉండదు. డేటాలో లేని భాష మోడల్లో ఉండదు. ఫోన్లో మాట్లాడితే పని జరిగే రోజులు వస్తున్నాయని అందరూ అంటున్నారు కదా, గోండి అమ్మకు ఆ ఫోన్ అర్థం కాని హిందీలోనే జవాబిస్తుంది. అందుకని మీ మూడు క్రెడిట్లు అటువైపు నుంచి చూస్తే ఎన్ని క్రెడిట్లో మీరే లెక్క కట్టుకోండి.

ఇక బస్తర్ గురించి. బస్తర్ డివిజన్ అంటే ఏడు జిల్లాలు: బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. భద్రాచలంలో బస్సెక్కి చింతూరు దాటి శబరి పక్కనే వెళ్తే కుంట వస్తుంది, అక్కడి నుంచి సుక్మా మీదుగా జగదల్‌పూర్. దారిలో భాష మారుతూనే ఉంటుంది. కుంట వైపు దోర్లా, కోయ. ఇంకాస్త పైకి వెళ్తే మారియా, మురియా వాళ్ల గోండి. మధ్యలో ధుర్వాల భాష. సంతల్లో అందరినీ కలిపేది హల్బీ. హల్బీ ఇండో-ఆర్యన్ భాష. గోండి, కోయ మన తెలుగుకు దగ్గరి చుట్టాలు. భాషాశాస్త్రవేత్తలు తెలుగునూ గోండినీ ఒకే దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలో పెడతారు. అంకెలు చూడండి: రెండు అంటే ‘రండ్’, మూడు అంటే ‘ముండ్’. నీళ్లను ‘ఏర్’ అంటారు, మన ‘ఏరు’ పక్కనే. ‘నార్’ అంటే ఊరు. చింతల్‌నార్ లాంటి పేరు చదివితే తెలుగువాడికి సగం ఊరు తెలిసిపోయినట్టు అనిపిస్తుంది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఈ చుట్టరికం చూసి ‘తెలుగు మోడల్‌ను తీసుకొచ్చి కాస్త ఫైన్‌ట్యూన్ చేస్తే చాలు’ అని రెండు ప్రపోజల్స్ తేల్చేశాయి. అది తేల్చి చెప్పే మాటలా రాయకండి, పరీక్షించాల్సిన ఊహగా రాయండి. హిందీ మోడల్ నుంచి మొదలుపెడితే ఎంత, తెలుగు మోడల్ నుంచి మొదలుపెడితే ఎంత, రెండూ కొలిచి పక్కపక్కన పెట్టండి. సుక్మా పిల్లలు బడిలో చదివేది హిందీ, వాళ్ల గోండిలో కొత్త మాటలన్నీ హిందీవే. ఇవతల భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో ఉన్న వలస ఆదివాసుల మాటల్లో తెలుగు కలుస్తుంది. వీళ్లు 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు కాలిపోయి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. మనం గుత్తికోయలు అంటాం. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. తమను తాము మురియా అనో కోయితూర్ అనో చెప్పుకుంటారు. మీ డేటా పట్టికలో ‘భాష’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపే ముందు మాట్లాడిన మనిషినే అడగండి, ‘నువ్వు మాట్లాడే భాషను ఏమంటావు’ అని. అంతర్జాతీయ భాషా కోడ్ల పట్టికలో గోండి ఒక గొడుగు పేరు. కోయకు, మారియాకు, మురియాలకు వేర్వేరు కోడ్లున్నాయి. మన జనగణన కోయను గోండి నుంచి విడిగా లెక్కిస్తుంది. ఇవేవీ మనిషి చెప్పుకున్న పేరుకు బదులు కావు. దాన్ని ఒక గడిలో, కోడ్‌ను ఇంకో గడిలో పెట్టండి.

ముందు పనిచేసినవాళ్ల సంగతి. 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. సీజీ అంటే సెంట్రల్ గోండ్వానా. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధురి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలోని బిల్ థీస్ లాంటి పరిశోధకులు కలిసి నిలబెట్టిన పని. ఇంటర్నెట్ అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మామూలు ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే సర్వర్ తిరిగి ఫోన్ చేస్తుంది. ఒక నంబర్ నొక్కితే మీ మాట రికార్డవుతుంది, ఇంకోటి నొక్కితే ఇతరుల మాటలు వినపడతాయి. చేతిపంపు చెడిపోయింది, టీచర్ రావట్లేదు, కూలి డబ్బు పడలేదు, ఇలాంటి మాటలు మోడరేటర్ల దగ్గరికి వెళ్లి, సరిచూసుకున్నాక బయటికి వచ్చేవి. కంప్యూటర్ సైన్స్ లెక్కన చూస్తే ఇందులో పెద్ద ఆల్గారిథం ఏమీ లేదు. అందుకే నాకు ఇష్టం. ఎవరికి ఏ ఫోన్ ఉంది, చదువు ఎంత, ఖర్చు ఎవరు పెట్టుకోగలరు అన్న మూడు ప్రశ్నలకు డిజైన్లోనే జవాబు దొరికింది.

రెండోది 2020లో ఎల్‌రెక్ సదస్సు కోసం వచ్చిన పేపర్. గోండి కోసం నాలుగు రకాల సాంకేతిక ప్రయత్నాల అనుభవం అందులో ఉంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి కాలికా బాలి లాంటివాళ్లు, సీజీనెట్ బృందం, నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీవాళ్లు కలిసి చేసిన పని. నిఘంటువు, పిల్లల కథలు, గోండి విషయాలు వినిపించే ఒక యాప్, ఫోన్ ద్వారా నడిచే ప్రచార వేదిక. అన్నీ అయ్యాక చేతికొచ్చిన డేటా ఎంతో తెలుసా? 12 వేలకు కాస్త తక్కువ అనువదించిన మాటలు, వాక్యాలు. ముందు ముందు సాయం అడగగలిగిన మనుషులు 650కి పైగా. పెద్ద సంస్థ, ఏళ్లుగా ఊళ్లలో పాతుకున్న బృందం కలిసి పనిచేస్తే వచ్చిన అంకె ఇది. మీ ప్రపోజల్లో ‘రెండు వారాల్లో 10 వేల వాక్యాలు’ అని రాసినవాళ్లు ఈ పేపర్ చదవలేదని నాకు అక్కడే అర్థమైపోయింది. ఆ పేపర్లో నన్ను ఆపిన మరో విషయం, ఆ 650 మందిని ఫలితాల్లో లెక్కించడం. డేటా వాడితే అరిగిపోతుంది, మనుషులు ఉంటే పని మిగులుతుంది.

అదే పేపర్లో గోండి మాట్లాడేవాళ్లు 23 లక్షలని ఉంటుంది. నేను ఇందాక చెప్పింది 29.8 లక్షలు. మీ రిపోర్టులో ఏ అంకె రాసినా ఎక్కడిది, ఏ ఏడాదిది అని రాయండి. తేడా ఉందని కూడా రాయండి. వైవాలో దీన్ని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని నిలదీసేవాళ్లుంటారు, రిజర్వేషన్లో వచ్చిన విద్యార్థి అయితే ఇంకొంచెం ఉత్సాహంగా.

ఇక 2025 సెప్టెంబర్లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్‌ను బీటాగా విడుదల చేసింది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వంలో చేసింది. మొదటి విడత భాషల్లో సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి ఉంది. మంచిదే. మీ ప్రాజెక్టుకు ఇదొక బేస్‌లైన్ కూడా. కుంట వైపు మాటను అది ఎంతవరకు పట్టుకుంటుందో చూడటమే ఒక పూర్తి సెమిస్టర్ ప్రాజెక్టు. మోడల్ కట్టకుండా కట్టిన మోడల్‌ను తూకం వేయడం తక్కువ పని అని మనవాళ్లకు ఎందుకో ఒక నమ్మకం. నేను మార్కులు వేసేదాన్నైతే దానికే ఎక్కువ వేస్తాను.

సరే, ప్లాన్. క్యాలెండర్ దగ్గర మొదలుపెడదాం. మీ సెమిస్టర్ జనవరి నుంచి మే వరకు. బస్తర్ క్యాలెండర్ వేరు. మార్చి, ఏప్రిల్లో ఇప్పపూలు రాలతాయి. తెల్లవారక ముందే ఇంటిల్లిపాదీ చెట్ల కింద ఉంటారు. ఏప్రిల్ చివర నుంచి మే దాకా తునికాకు. మీరు మార్చి రెండో వారంలో ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లోకి వెళ్లి ‘అమ్మా, ఈ ముప్ఫై వాక్యాలు చదువు’ అంటే, ఏ పనిని పక్కన పెట్టి ఆమె మీకోసం కూర్చుంటుందో లెక్క తెలిసి ఉండాలి. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఛత్తీస్‌గఢ్‌లో 2024లో ఆ సంచికి 5,500 రూపాయలు చేశారు. అంటే కట్టకు అయిదున్నర రూపాయలు. పొద్దున పూట రెండు గంటలు మీ మైకు ముందు కూర్చుంటే ఎన్ని కట్టలు పోతాయో ఊళ్లో అడిగి తెలుసుకుని, దానికి తగ్గకుండా బడ్జెట్లో ఒక పద్దు పెట్టండి. జీపీయూ అద్దెకు పద్దు రాసిన ప్రతి ప్రపోజల్లోనూ మాట్లాడేవాళ్ల కూలికి పద్దు లేదు. బిస్కెట్ ప్యాకెట్లు అని ఒకరు రాశారు. కొట్టేయండి.

జనవరి, ఫిబ్రవరిలోనే ఫీల్డ్ పని ముగించేలా ప్లాన్ వేసుకోండి. అందుకోసం మోడల్ చదువు వెనక్కి వెళ్తే వెళ్లనివ్వండి. పల్లెలో మొదటి రోజు రికార్డింగ్ పెట్టుకోవద్దు. అయిదో షెడ్యూల్ ప్రాంతం అది, 1996 పెసా చట్టం గ్రామసభకు ఒక స్థానం ఇచ్చింది. విద్యార్థి ప్రాజెక్టుకు గ్రామసభ అనుమతి తీసుకోవాలని ఆ చట్టంలో ప్రత్యేకంగా రాసి లేదు. రాసి లేదు కాబట్టి అక్కర్లేదనేవాళ్ల వాదన నాకు తెలుసు. మీరు మాత్రం అడగండి. నలుగురిలో కూర్చుని ఏం చేస్తున్నామో చెప్పండి, వద్దంటే తిరిగి రండి. ‘ఒక ఊరు వద్దంది’ అన్నది రిపోర్టులో రాయదగ్గ ఫలితమే.

ఇప్పుడు కష్టమైన భాగం. గొంతు అంటే వేలిముద్ర లాంటిది. బస్తర్లో ఎవరు ఏం మాట్లాడారన్నది ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలియదు. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా తీసుకుని మావోయిస్టులపై పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందూ తర్వాతా రెండు తుపాకుల మధ్య బతికిన మనుషులు వాళ్లు. ఒక రోడ్డు పనిలో అవినీతి గురించి వార్త బయటపెట్టాక, బీజాపూర్ జర్నలిస్టు ముకేశ్ చంద్రాకర్‌ను చంపేశారు. 2025 జనవరి 3న సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ఆయన ఆ నేల మీద పుట్టి పెరిగినవాడు, కెమెరా పట్టుకున్నవాడు, పేరున్నవాడు. మీ మైకు ముందు మాట్లాడే అవ్వకు వీటిలో ఏ రక్షణా లేదు.

అందుకని ‘మీ ఊరి సమస్య చెప్పండి’ అని వదిలేసి రికార్డు చేయకండి. అలా వదిలేస్తే మాటల్లో మనుషుల పేర్లు వస్తాయి, సర్పంచ్ పేరు వస్తుంది, క్యాంపు పేరు వస్తుంది. కోర్సు ప్రాజెక్టుకు అవి అక్కర్లేదు. రేషన్, పింఛను, ఉపాధి కూలి, చేతిపంపు వంటి నాలుగు మాటలు గుర్తుపట్టే చిన్న పని పెట్టుకోండి. వాక్యాలు మీరూ ఊరివాళ్లూ కలిసి ముందే తయారు చేసుకోండి. రికార్డింగ్ ఫైలులో ఫోన్ మోడల్, తేదీ, కొన్నిసార్లు ప్రాంతం కూడా దాక్కుని ఉంటాయి. అవన్నీ తుడిచాకే ల్యాప్‌టాప్‌లో పెట్టండి. ఊరి పేరు రాయవద్దు, బ్లాకు పేరు చాలు. గొంతులను గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టకండి. కోడ్ పెట్టండి, ఫలితాలు పెట్టండి. ‘ఓపెన్ డేటా’ మంచి మాటే గానీ, మనది కాని గొంతును ఓపెన్ చేసే హక్కు మనకు ఎవరిచ్చారు? 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది. చట్టం ఇచ్చిన మినహాయింపుతో ఊళ్లో ముఖం చూపించలేం.

సమ్మతి పత్రం హిందీలో, ఇంగ్లీషులో ప్రింటు తీసి వేలిముద్ర వేయించుకోవడం ఆ ప్రాంతంలో ఎన్ని భూములు పోయాయో గుర్తుచేస్తుంది. సమ్మతిని వాళ్ల భాషలో, మాటగా తీసుకోండి. ‘తర్వాత నా గొంతు తీసేయండి’ అని చెప్పడానికి ఒక ఫోన్ నంబర్ ఇవ్వండి. సెమిస్టర్ అయిపోయాక కూడా ఆ నంబర్ ఎత్తే మనిషి ఉండాలి. విద్యార్థి వెళ్లిపోతాడు కాబట్టి ఆ బాధ్యత గైడ్‌ది. గైడ్ ఒప్పుకోకపోతే ఆ ప్రాజెక్టు చేయకండి.

టీముల గురించి ఒక్క మాట చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. నేను చదివే గ్రూప్ రిపోర్టుల్లో ఒక పద్ధతి కనిపిస్తుంటుంది. నలుగురి టీములో కోయ అమ్మాయో, దళిత అబ్బాయో ఉంటే ‘నీకు భాష వచ్చు కదా’, ‘నీకు ఊళ్లు అలవాటే కదా’ అంటూ ఫీల్డ్‌కు పంపుతారు. మిగతా ముగ్గురు ఏసీ ల్యాబ్‌లో మోడల్ రాస్తారు. వైవాలో ప్రశ్నలన్నీ మోడల్ మీదే. ఊళ్లు తిరిగి, మాటలు రాసి, రాత్రంతా ఉచ్చారణ తేడాలు సరిచూసిన మనిషికి ‘కోడింగ్ కాంట్రిబ్యూషన్ తక్కువ’ అని మార్కులు తగ్గుతాయి. ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ శ్రమ విభజనకూ శ్రామికుల విభజనకూ ఉన్న తేడా చూపించారు. ఆ తేడాను కంప్యూటర్ ల్యాబ్‌లో కళ్లారా చూడొచ్చు. మీ ప్లాన్లో ప్రతి వారం ఎవరు ఏ పని చేస్తారో రాయండి, పనులు తిప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ రాసినవాడు రెండు రోజులు ఆడియో విని అక్షరాల్లో రాయాలి. ఆ పని ఎంత తెలివితో కూడినదో అప్పుడు తెలుస్తుంది. ఊరి నుంచి సాయం చేసినవాళ్లను ‘ఇన్ఫార్మెంట్’ అనే మాటతో పిలవకండి. బస్తర్లో ఆ మాటకు ఇన్‌ఫార్మర్ అన్న అర్థం వస్తే ప్రాణం పోతుంది. వాళ్లకు ఇష్టమైతే పేరుతో సహరచయితలుగా పెట్టండి, పేరు వద్దంటే ఎందుకు లేదో ఒక లైను రాయండి.

ఏ లిపిలో రాయాలన్న గొడవ కూడా వస్తుంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి ముందు ఏడాది మసరామ్ గోండి లిపి వచ్చింది. జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్లు గుంజాల లిపి కోసం పడిన శ్రమ మీకు తెలిసే ఉంటుంది. కానీ కుంటలో చదవడం వచ్చిన పిల్లవాడికి వచ్చింది దేవనాగరి, ఇవతల చర్లలో చదివినవాడికి వచ్చింది తెలుగు లిపి. రిపోర్టు అందంగా ఉంటుందని గుంజాల లిపి వాడితే, మీరు రాసింది సరిగ్గా ఉందో లేదో సరిచూసే మనిషి అక్కడ దొరకడు. ఎవరు సరిచూస్తారో వాళ్ల లిపిలో రాయండి. ఆ తర్వాత మార్చుకోవడానికి చిన్న ప్రోగ్రామ్ చాలు.

రిపోర్టుకు వద్దాం. మీరందరూ ఎదురుచూసేది అక్యురసీ అంకె కోసం. అది ఎలా అబద్ధం చెప్తుందో ఒక ఊహా లెక్కతో చూపిస్తాను. ఇరవై మంది మాట్లాడారు, ఒక్కొక్కరు ముప్ఫై వాక్యాలు, మొత్తం 600. వీటిని కలగలిపి 480 ట్రైనింగ్‌కు, 120 టెస్టుకు విడదీశారు. అవే గొంతులు, అవే వాక్యాలు రెండు వైపులా ఉంటాయి. మోడల్ భాష నేర్చుకోలేదు, ఆ ఇరవై మందిని బట్టీ పట్టింది. 95 శాతం వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఇరవై ఒకటో మనిషి ఫోన్ చేయగానే కుప్పకూలుతుంది. అందుకని టెస్టులో ఉన్న మనిషి ట్రైనింగ్‌లో ఉండకూడదు. వీలైతే టెస్టు వాక్యాలు కూడా వేరుగా ఉండాలి. అంకె పడిపోతుంది, పడిపోనివ్వండి.

ఇంకో లెక్క. ఆ ఇరవై మందిలో పదహారు మంది జగదల్‌పూర్లో హిందీ చదువుకున్న కుర్రాళ్లు, నలుగురు కుంట వైపు ముసలివాళ్లు, ఆడవాళ్లు అనుకోండి. కుర్రాళ్ల మాట 90 శాతం సరిగ్గా పట్టింది, ఆ నలుగురిది 40 శాతమే. సగటు వేస్తే సరిగ్గా 80. రిపోర్టు మొదటి పేజీలో ‘80 శాతం’ అని రాసి పంపిస్తే, పింఛను కోసం ఫోన్ చేసే అవ్వ ఆ సగటు కింద కనపడకుండా పోతుంది. మన సమాజంలో సగటులు ఎప్పుడూ ఈ పనే చేశాయి, గ్రామ సగటు ఆదాయం అన్నప్పుడు పల్లె చివరి వాడ అందులో కలిసిపోయినట్టు. ఆడ, మగ, వయసు, ప్రాంతం వారీగా పట్టిక వేయండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన వరుస పైన ఉండాలి.

తప్పుల కొలత విషయంలో కూడా జాగ్రత్త. మాటల తప్పుల రేటు అంటే మారిన, పోయిన, అదనంగా చేరిన మాటలు కలిపి, అసలు మాటల సంఖ్యతో భాగించడం. గోండి, తెలుగులాగే ప్రత్యయాలు అతుక్కునే భాష. ఒక్క విభక్తి తప్పితే మాట మొత్తం తప్పుగా లెక్కకు వస్తుంది. అందువల్ల అక్షరాల తప్పుల రేటు కూడా ఇవ్వండి, ఇరవై తప్పులను విడిగా తీసి ఒక్కొక్కటి ఎందుకు వచ్చిందో భాష వచ్చిన మనిషితో కూర్చుని రాయండి. ఆ రెండు పేజీలే తర్వాత వచ్చే విద్యార్థికి పనికొస్తాయి. నా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో ‘లిమిటేషన్స్’ అన్న శీర్షిక కింద ‘డేటా తక్కువగా ఉంది, భవిష్యత్తులో పెంచుతాం’ అని ఉంటుంది. ఎవరు పెంచుతారు? ఎవరి కూలితో? ఏ ఊరు వద్దంది, ఎవరి రికార్డింగ్‌లో కోళ్ల శబ్దం నిండిపోయింది, ఏ మారియా మాటకు టీములో ఎవరికీ అర్థం తెలియలేదు, ఇవి రాయండి.

చివరగా రిపోర్టు ఎవరికి అన్న సంగతి. ఇంగ్లీషులో 40 పేజీలు గైడ్‌కు ఇస్తారు, అది బీరువాలోకి వెళ్తుంది. దానితో పాటు మూడు నిమిషాల ఆడియో రిపోర్టు కూడా తయారు చేయండి. వాళ్ల భాషలో, మీతో పనిచేసిన ఊరి మనిషి గొంతుతోనే, ఆ గొంతు బయటికి రావడానికి వాళ్లు ఒప్పుకుంటేనే: ఏం అడిగాం, ఏం చేశాం, ఏది పనిచేయలేదు, మీ గొంతులు ఎక్కడున్నాయి, తీసేయాలంటే ఎవరికి ఫోన్ చేయాలి. తునికాకు పని అయ్యాక, వానలు పడక ముందు, ఒకసారి వెళ్లి సంత రోజున వినిపించండి. వాళ్లు చెప్పిన అభ్యంతరాలను అనుబంధంగా చేర్చి, ఆ తర్వాతే ఫైనల్ కాపీ ఇవ్వండి. గడువు దాటుతుంది అంటారు. డిపార్ట్‌మెంట్‌తో గడువు గురించి నేను మాట్లాడతాను, పది రోజులు దొరుకుతాయి.

సవరించిన ప్రపోజల్స్ వచ్చే సోమవారానికి పంపండి. మొదటి పేజీలో మూడు విషయాలు ఉండాలి: ఫీల్డ్‌కు ఎవరెవరు వెళ్తున్నారు, మాట్లాడేవాళ్లకు ఎంత ఇస్తున్నారు, తీసేయమని ఫోన్ వస్తే ఎత్తేది ఎవరు. మోడల్ పేరు రెండో పేజీలో రాసినా నాకు అభ్యంతరం లేదు. ప్రశ్నలుంటే అడగండి.